గవర్నర్ కోటా ఫైలులో ఏముంటుంది, ఏముండదు

ఊళ్లో వార్డు మెంబరుగా నిలబడాలన్నా కాగితాలు తప్పవు. ఓటరు జాబితాలో పేరు, ప్రతిపాదించే మనిషి సంతకం, డిపాజిట్ రసీదు, కేసులూ ఆస్తులూ చదువూ రాసిచ్చే స్వీయ ప్రకటన అన్నీ ఉండాలి. వరంగల్–ఖమ్మం–నల్లగొండ పట్టభద్రుల ఎమ్మెల్సీ సీటుకైతే జాబితాలో ఉన్న పదిమంది పట్టభద్రులు ప్రతిపాదించాలి. 10,000 రూపాయల డిపాజిట్ కట్టాలి, ఎస్సీ ఎస్టీలకు 5,000. కేసులూ ఆస్తులూ రాసిచ్చే ఫారం 26 అఫిడవిట్‌లో గడి ఖాళీగా వదిలి, రిటర్నింగ్ అధికారి నోటీసు ఇచ్చాక కూడా నింపకపోతే నామినేషన్ కొట్టేస్తారు. ఆ అఫిడవిట్ వెంటనే వెబ్‌సైట్‌లోకి ఎక్కుతుంది, ఎదుటి పార్టీవాళ్లు అదే రాత్రి దాన్ని జల్లెడ పడతారు.

అదే శాసన మండలిలో, అదే ఆరేళ్ల పదవిలో, అదే జీతంతో కూర్చునే గవర్నర్ కోటా సభ్యుడికి, అంటే గవర్నర్ నామినేట్ చేసే సభ్యుడికి, ఇవేవీ లేవు. ఫారం 26 అనేది ఎన్నికల్లో పోటీ చేసేవాళ్లకు పెట్టిన నిబంధన. నామినేట్ చేయడం ఎన్నిక కాదు కాబట్టి ఆ నిబంధన ఇక్కడికి రాదు. ఆయన మీద కేసులున్నాయా, ఆస్తి ఎంత, అప్పెంత అనే కాగితం ప్రజల ముందు పెట్టాల్సిన పని ఎవరికీ లేదు. నామినేటెడ్ సభ్యుల గురించి జరిగే వాదనంతా 'ప్రజలు ఓటేయలేదు కదా' అన్న చోటే తిరుగుతుంటుంది. నన్నడిగితే ఓటు లేకపోవడం కన్నా కాగితం లేకపోవడమే పెద్ద లోటు.

ముందు లెక్క చూద్దాం. శాసన మండలి బలం శాసనసభలో మూడోవంతు దాటకూడదు, 40కి తగ్గకూడదు అంటుంది రాజ్యాంగంలోని 171వ అధికరణ. మన శాసనసభ 119. మూడోవంతు అంటే 39 చిల్లర. పై హద్దు కింది హద్దు కన్నా తక్కువైన విచిత్రం ఇది. రాష్ట్ర పునర్విభజన చట్టం తెలంగాణకు 40 అని రాసి సరిపెట్టింది. అందులో 14 మందిని ఎమ్మెల్యేలు, 14 మందిని స్థానిక సంస్థల సభ్యులు, ముగ్గురిని పట్టభద్రులు, ముగ్గురిని టీచర్లు ఎన్నుకుంటారు. మిగిలిన ఆరుగురు గవర్నర్ కోటా. అంటే మండలిలో ప్రతి ఇరవై మందిలో ముగ్గురికి ఏ ఓటూ పడలేదు.

ఆ ఆరుగురు ఎవరై ఉండాలో కూడా రాజ్యాంగమే చెప్పింది: సాహిత్యం, శాస్త్రం, కళలు, సహకార ఉద్యమం, సామాజిక సేవల్లో ప్రత్యేక పరిజ్ఞానమో అనుభవమో ఉన్నవాళ్లు. రాజ్యసభకు రాష్ట్రపతి నామినేట్ చేసే 12 మంది జాబితాలో సహకార ఉద్యమం లేదు, రాష్ట్రాల మండళ్లకే ఉంది. మన దిక్కు సహకారం అనగానే 1956లో పుట్టిన ముల్కనూరు సొసైటీ గుర్తుకొస్తుంది. విత్తనం నుంచి వడ్ల అమ్మకం దాకా నడిపిన సంఘం అది. అలాంటి అనుభవం ఉన్న మనిషి సహకార చట్టం సవరణ మీద మండలిలో మాట్లాడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఆ పదం రాజ్యాంగంలో పెట్టింది అందుకే.

ఈ కోటా సరిగ్గా వాడిన సందర్భాలు లేకపోలేదు. వరంగల్ వాళ్లకు చెప్పక్కరలేని పేరు నేరెళ్ల వేణుమాధవ్. మిమిక్రీని వేదిక మీద గౌరవంగా నిలబెట్టిన ఆయన 1972 నుంచి 1978 దాకా శాసన మండలిలో నామినేటెడ్ సభ్యుడు. మిమిక్రీ కళాకారుడు ఏ జెండా పట్టుకుని, ఏ నియోజకవర్గంలో గెలిచి వస్తాడు? సిరిసిల్ల దిక్కు హనుమాజీపేట నుంచి వచ్చిన సి. నారాయణరెడ్డి 1997లో రాజ్యసభకు వెళ్లిందీ నామినేషన్ అనే ఈ తలుపు గుండానే. తలుపే తప్పనే వాదనతో నేను ఏకీభవించను.

తలుపు దగ్గర ఎవరు నిలబడుతున్నారో చూస్తే కథ వేరు. 2020 నవంబర్‌లో ముగ్గురిని నామినేట్ చేశారు: కవి, గాయకుడు గోరటి వెంకన్న, వరంగల్ తూర్పు మాజీ ఎమ్మెల్యే, మాజీ మంత్రి బస్వరాజు సారయ్య, బొగ్గారపు దయానంద్. వెంకన్న పేరుకు వివరణ అక్కర్లేదు. ఏళ్ల తరబడి ఎన్నికల రాజకీయాల్లో ఉన్న మాజీ మంత్రి ఆ ఐదు రంగాల్లో దేని కిందికి వస్తారు? సామాజిక సేవ కిందికే. తెలంగాణ తొలి స్పీకర్ సిరికొండ మధుసూదనాచారి 2018లో భూపాలపల్లిలో ఓడిపోయారు, 2021 డిసెంబర్‌లో గవర్నర్ కోటాలో మండలికి వచ్చారు. అదీ సామాజిక సేవే. రాజకీయమూ సేవే కదా అంటే కాదనలేం. కానీ అంత వెడల్పు అర్థం చెప్పుకుంటే మిగిలిన నాలుగు రంగాలూ రాజ్యాంగంలో ఎందుకున్నట్టు? పార్టీలు మారినా ఈ పద్ధతి మారలేదు, అందుకే ఒక్క పార్టీ మీద కోపగించుకుని లాభం లేదు. 2021లో ఇదే వరంగల్ పట్టభద్రుల స్థానంలో మూడో స్థానంలో నిలిచిన కోదండరాం పేరును తర్వాతి ప్రభుత్వం ఈ కోటాలోనే పంపింది. ఆయన ప్రొఫెసర్, ఉద్యమంలో ముందు నిలిచిన మనిషి, అర్హత మీద వాదించుకోవచ్చు. కానీ ఓటర్లు వద్దన్న సీటుకు వేరే దారిలో చేరడం అనే ప్రశ్న ఆయనకూ తప్పదు.

ఇక ఫైలు దారి. సీటు ఖాళీ అవుతుంది. మంత్రివర్గం పేర్లు తీర్మానిస్తుంది. పేరుతోపాటు ఆ మనిషి చేసిన పనుల గురించి నోట్ రాజ్‌భవన్‌కు (ఇప్పుడు దాని పేరు లోక్‌భవన్) వెళ్తుంది. గవర్నర్ సంతకం పెడితే గెజిట్ వస్తుంది, ఆపైన మండలిలో ప్రమాణం. చట్టం అడిగే అర్హతలు కొన్నే: 30 ఏళ్లు నిండాలి, ప్రజాప్రాతినిధ్య చట్టం చెప్పే అనర్హతలు ఉండకూడదు, ఈ రాష్ట్రంలో మామూలుగా నివాసం ఉండాలి. గమ్మత్తేమంటే ఎన్నికయ్యే ఎమ్మెల్సీ రాష్ట్రంలో ఓటరై ఉండాలి. నామినేటెడ్ సభ్యుడికి నివాసం చాలు, ఓటరు కార్డు చూపించమని చట్టం అడగదు.

ఈ దారిలో ఫైలు ఎక్కడ ఆగుతుంది? రాజ్‌భవన్‌లో. 2021 ఆగస్టులో హుజూరాబాద్‌కు చెందిన పాడి కౌశిక్ రెడ్డి పేరును మంత్రివర్గం పంపింది. ఆయన చేసిన సామాజిక సేవ ఏమిటో పరిశీలించడానికి సమయం కావాలన్నారు అప్పటి గవర్నర్ తమిళిసై. సంతకమూ కాలేదు, తిరస్కారమూ రాలేదు. నవంబర్‌లో అదే మనిషి ఎమ్మెల్యేల కోటాలో ఏకగ్రీవంగా మండలికి వచ్చేశారు. అర్హత మీద లేచిన ప్రశ్నకు జవాబు రాకుండానే సీటు దొరికింది. మామూలు ఖాళీ అయితే ఆరు నెలల్లో ఉప ఎన్నిక జరపాలని చట్టం గడువు పెట్టింది. నామినేషన్ సీటుకు ఆ గడువు వర్తించదు. అందుకే ఈ ఫైళ్లు ఎంతకాలమైనా నిద్రపోగలవు. మహారాష్ట్రలో 2020 చివర్లో పంపిన 12 పేర్లు దాదాపు రెండేళ్లు అలాగే పడి ఉన్నాయి.

మన దగ్గర అసలు చిక్కుముడి 2023లో పడింది. డి. రాజేశ్వర్ రావు, ఫారూఖ్ హుస్సేన్‌ల గడువు ఆ ఏడాది మేలో ముగిసింది. జూలై 31న మంత్రివర్గం దాసోజు శ్రవణ్, కుర్రా సత్యనారాయణ పేర్లు పంపింది. సెప్టెంబర్ 19 తేదీతో గవర్నర్ తిరస్కరించారు. ఇద్దరిదీ రాజకీయ నేపథ్యమేనని, రాజ్యాంగం చెప్పిన రంగాల్లో ప్రత్యేక అనుభవం కనిపించడం లేదని కారణం చూపారు. డిసెంబర్‌లో ప్రభుత్వం మారింది. 2024 జనవరిలో కొత్త మంత్రివర్గం పంపిన కోదండరాం, అమేర్ అలీ ఖాన్ పేర్లు రోజుల్లోనే గెజిట్‌కెక్కాయి. మొదటి ఇద్దరూ హైకోర్టుకెళ్లారు.

2024 మార్చి 7న వచ్చిన హైకోర్టు తీర్పును జాగ్రత్తగా చదవాలి, పత్రికల శీర్షికల్లో సగమే వచ్చింది. ఈ కోటాలో గవర్నర్‌కు సొంత విచక్షణ లేదు, మంత్రివర్గం సలహాకు కట్టుబడాల్సిందేనని కోర్టు చెప్పింది. కొత్త మాటేం కాదు, 1952లోనే కలకత్తా హైకోర్టు ఇదే చెప్పింది. అయితే అర్హత ఉందా, అనర్హత ఏమైనా ఉందా అని గవర్నర్ చూడొచ్చు, కావాల్సిన కాగితాలు అడుగుతూ ఫైలును పునఃపరిశీలనకు తిప్పి పంపొచ్చు అని కూడా అదే తీర్పులో ఉంది. 361వ అధికరణ రక్షణ ఉంది కాబట్టి గవర్నర్‌కు ఫలానాది చేయమని ఆదేశం ఇవ్వలేమని చెబుతూ, తిరస్కరణనూ కొట్టేశారు, జనవరి నియామకాలనూ కొట్టేశారు. బంతి మళ్లీ మంత్రివర్గం దగ్గరికే వచ్చింది. అప్పటికి ఆ కుర్చీలో వేరే ప్రభుత్వం ఉంది కాబట్టి కేసు గెలిచినవాళ్లకు దక్కింది కాగితం మీది గెలుపే. మళ్లీ కోదండరాం, అమేర్ అలీ ఖాన్ పేర్లే వెళ్లాయి, సుప్రీంకోర్టు స్టే ఇవ్వలేదు, 2024 ఆగస్టు 16న వాళ్లు ప్రమాణం చేశారు. ఏడాదికి, 2025 ఆగస్టు 13న, సుప్రీంకోర్టు తన మధ్యంతర ఉత్తర్వును మార్చడంతో ఆ రెండు సీట్లూ మళ్లీ పోయాయి. ఆ నెలాఖరుకే మంత్రివర్గం కోదండరాం, అజారుద్దీన్ పేర్లు పంపింది. నామినేషన్ తేలకముందే అక్టోబర్ 31న అజారుద్దీన్ మంత్రిగా ప్రమాణం చేశారు.

సభ్యుడు కాకుండా మంత్రి కావడం తప్పేమీ కాదు, 164వ అధికరణ ఆరు నెలల గడువిస్తుంది. లక్నేపల్లిలో పుట్టిన పీవీ 1991 జూన్‌లో ప్రధాని అయినప్పుడు ఏ సభలోనూ లేరు, నవంబర్‌లో నంద్యాల ఉప ఎన్నికలో గెలిచి వెళ్లారు. 1952లో ఉమ్మడి మద్రాసులో రాజాజీని గవర్నర్ మండలికి నామినేట్ చేశారు, ఆ సీటు మీదే ఆయన ముఖ్యమంత్రి అయ్యారు. రెండూ చట్టబద్ధమే. ఒకరు గడువు లోపల ఓటర్ల దగ్గరికి వెళ్లారు, రెండో ఆయనకు వెళ్లాల్సిన పనే పడలేదు. ఆరు నెలల్లో ఏ సభకూ రాలేకపోతే రాజీనామా చేయించి, మర్నాడే మళ్లీ మంత్రిని చేసే కిటుకు మాత్రం చెల్లదని సుప్రీంకోర్టు 2001లో పంజాబ్ కేసులో తేల్చింది.

'ఆరుగురే కదా, మండలికే పెద్ద అధికారం లేదు' అనే మాట తరచూ వింటాం. సగం నిజం. శాసనసభ పంపిన బిల్లును మండలి మొదటిసారి మూడు నెలలు, రెండోసారి ఒక నెల ఆపగలదు. ద్రవ్య బిల్లునైతే 14 రోజులు. అవిశ్వాస తీర్మానంలో దానికి పాత్ర లేదు. కానీ ఎమ్మెల్సీ ఓటు మండలిలోనే ఆగదు. 243ఆర్ అధికరణ ప్రకారం పట్టణంలో ఓటరుగా ఉన్న ఎమ్మెల్సీకి మున్సిపాలిటీలో ఎక్స్-అఫీషియో (పదవి రీత్యా వచ్చే) సభ్యత్వం ఇవ్వొచ్చు, మన రాష్ట్ర చట్టం ఇచ్చింది. ఆ ఎమ్మెల్సీ గెలిచి వచ్చాడా, నామినేట్ అయి వచ్చాడా అన్న తేడా అక్కడ లేదు. 20 వార్డుల పట్టణం అనుకోండి. ఒక పార్టీకి 11, ఇంకో పార్టీకి 9 వచ్చాయి. తొమ్మిది వచ్చిన పార్టీకి ఎమ్మెల్యే, ఎంపీ, అక్కడ ఓటరుగా ఉన్న ఒక గవర్నర్ కోటా ఎమ్మెల్సీ ఉన్నారు. 12కు 11, చైర్‌పర్సన్ కుర్చీ తిరగబడింది. ఆ మూడింటిలో రెండు ఓట్లయినా జనం గెలిపించినవాళ్లవి. మూడోది మంత్రివర్గం ఇచ్చిన ఓటు. పొద్దున కౌంటింగ్ హాలు దగ్గర పటాకులు కాల్చినవాళ్లకు ఈ లెక్క చేదుగానే ఉంటుంది.

వింతేమంటే ఆ మున్సిపాలిటీలోనే మున్సిపల్ పాలన తెలిసినవాళ్లని కో-ఆప్షన్ చేసుకుంటారు, అంటే జనం ఓటు లేకుండా చేర్చుకుంటారు, వాళ్లకు ఓటు హక్కు లేదని రాజ్యాంగమే రాసింది. మాట్లాడొచ్చు, సలహా ఇవ్వొచ్చు, చెయ్యెత్తకూడదు. ఊరి స్థాయిలో 2018 పంచాయతీరాజ్ చట్టం ముగ్గురు కో-ఆప్షన్ సభ్యులను పెట్టింది: ఒక రిటైర్డ్ ఉద్యోగి లేదా పెద్దమనిషి, మహిళా సంఘాల గ్రామ సమాఖ్య అధ్యక్షురాలు, ఊరికి విరాళమిచ్చిన దాత. వాళ్లకూ ఓటు లేదు. గ్రామ సమాఖ్య అధ్యక్షురాలిని కనీసం సంఘాలు ఎన్నుకుంటాయి, ఆమెకు ఓటు లేదు. గవర్నర్ కోటా ఎమ్మెల్సీకి బిల్లు మీద ఓటుంది. కింది మెట్టు మీద పెట్టిన జాగ్రత్త పై మెట్టు మీద ఎందుకు లేదన్నది నాకిప్పటికీ అంతుబట్టదు.

శాసనసభలోనూ ఒక నామినేటెడ్ సీటు ఉండేది, ఆంగ్లో ఇండియన్ సభ్యుడిది. 104వ సవరణతో 2020 జనవరి 25 నుంచి అది పోయింది. ఆ సీటు నేర్పిన పాఠం మాత్రం మిగిలింది. రాజ్యసభ సభ్యులను 'ఎన్నికైన' ఎమ్మెల్యేలే ఎన్నుకోవాలని 80వ అధికరణ అంటుంది. మండలికి వచ్చేసరికి 171వ అధికరణలో ఆ 'ఎన్నికైన' అన్న మాట లేదు, సభ్యులంటే చాలు. అందువల్ల నామినేటెడ్ ఎమ్మెల్యే మండలి ఎన్నికలో ఓటేసేవారు. 2015 నాటి ఓటుకు నోటు కేసు తిరిగింది అలాంటి ఒక నామినేటెడ్ ఎమ్మెల్యే ఓటు చుట్టూనే. పైగా రాజ్యసభ ఎన్నికలో ఎమ్మెల్యే తన ఓటును పార్టీ ఏజెంటుకు చూపించాలి, మండలి ఎన్నికలో బ్యాలెట్ రహస్యం. ఒక్క మాట ఉండటం, లేకపోవడం ఎంత దూరం పోతుందో చూడండి.

పార్టీ సంగతి ఇంకో చిన్న కిటుకు. పార్టీ ఫిరాయింపుల మీద రాజ్యాంగంలో ఉన్న పదో షెడ్యూల్ ప్రకారం నామినేటెడ్ సభ్యుడు ప్రమాణం చేశాక ఆరు నెలల లోపల ఏదో ఒక పార్టీలో చేరొచ్చు, ఆ తర్వాత చేరితే పదవి పోతుంది. ఏ పార్టీకీ చెందని నిపుణుడి కోసం రాసిన నియమం ఇది. మన దగ్గర నామినేట్ అయ్యేనాటికే కండువా ఉంటుంది, కాబట్టి ఆ మనిషిని ఆ పార్టీ సభ్యుడిగానే లెక్కిస్తారు. గవర్నర్ కోటాలో వచ్చిన రాములు నాయక్ పార్టీ మారినందుకు 2019 జనవరిలో అనర్హత వేటు పడింది. పార్టీకతీతుడైన నిపుణుడు అన్న ముసుగు ఆ రోజు అధికారికంగా తొలగింది.

ఏం చేయొచ్చు? మండలినే రద్దు చేయమనేవాళ్లున్నారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1958లో వచ్చి, 1985లో పోయి, 2007లో మళ్లీ వచ్చిన సభ అది. శాసనసభ మూడింట రెండొంతుల మెజారిటీతో తీర్మానించాలి, పార్లమెంటు చట్టం చేయాలి. ఆ దారి పొడుగు. రాజ్యాంగం ముట్టుకోకుండా, మంత్రివర్గం తలుచుకుంటే వచ్చే వారమే చేయగలిగినవి రెండున్నాయి. పేరు పంపేముందు ఫారం 26 నమూనాలోనే ఆ మనిషి దగ్గర అఫిడవిట్ తీసుకుని వెబ్‌సైట్‌లో పెట్టడం ఒకటి. ఐదింటిలో ఏ రంగం, ఏ పని, ఎన్నేళ్లు అన్న మూడు వాక్యాలు గెజిట్ వెంట ప్రచురించడం రెండోది. సామాజిక సేవ అని రాస్తే సంస్థ పేరు, ఊరు, కాలం రాయాలి. అంతమాత్రాన ఓడిన నాయకులు రావడం ఆగుతుందని నేననుకోను. కానీ రాసిన కాగితం ఉంటే కోర్టులో దాన్ని పట్టుకోవచ్చు. ఇప్పుడు నామినేషన్ మీద ఎన్నికల పిటిషన్ వేయడానికి వీల్లేదు, ఏ అధికారంతో ఈ పదవిలో ఉన్నావని అడిగే కో వారంటో రిట్ ఒక్కటే దారి. అనర్హత సూటిగా చూపిస్తే తప్ప అది నిలవడం కష్టం, చూపించడానికి చేతిలో కాగితం ఉండదు.

ఆ కాగితం కోసం సమాచార హక్కు దరఖాస్తు పెట్టొచ్చు. సచివాలయంలోని సాధారణ పరిపాలన శాఖ పౌర సమాచార అధికారి పేరు మీద, 10 రూపాయల పోస్టల్ ఆర్డర్‌తో. శాఖ తప్పినా ఐదు రోజుల్లో సరైన చోటికి వాళ్లే బదిలీ చేయాలి. 'ఫలానా వ్యక్తిని ఎందుకు నామినేట్ చేశారు' అని రాయకండి. ఎందుకు అనేది సమాచారం కాదని ఒక్క ముక్కలో తిప్పి పంపుతారు. గెజిట్ నంబరు, తేదీ వేసి, ఆ నామినేషన్‌కు సంబంధించి మంత్రివర్గం ముందు పెట్టిన నోట్ ప్రతి, దానికి జతచేసిన వ్యక్తిగత వివరాల ప్రతి, రాజ్‌భవన్‌తో జరిగిన ఉత్తర ప్రత్యుత్తరాల ప్రతులు అని విడివిడిగా అడగండి. కేబినెట్ పత్రాలు ఇవ్వం అని జవాబొస్తే సెక్షన్ 8(1)(ఐ) కింద ఉన్న మినహాయింపు చదవమనండి: నిర్ణయం జరిగి, విషయం ముగిశాక ఆ నిర్ణయమూ, కారణాలూ, ఆధారమైన పత్రాలూ బయటపెట్టాలని అందులోనే ఉంది. అందుకే కోర్టులో నలుగుతున్న రెండు సీట్ల జోలికి వెళ్లకుండా ముందు 2020, 2021 నామినేషన్లతో మొదలుపెట్టడం మేలు, ఆ విషయాలు ముగిసి చాలా కాలమైంది. ముప్పై రోజుల్లో జవాబు రాకపోయినా, నచ్చకపోయినా మరో ముప్పై రోజుల్లోపు మొదటి అప్పీలు, అక్కడా కాకపోతే తొంభై రోజుల్లోపు సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. దరఖాస్తు స్పీడ్ పోస్టులో పంపి, రసీదు దాచుకోండి. గడువు మీద గొడవ వస్తే కమిషన్ ముందు చూపించాల్సింది ఆ చీటీయే.